సైడ్ పెట్టినా గురి తప్పకుండా: పూల్‌లో పివట్ పద్ధతి, దానికి తగిన క్యూ

సెంటర్‌లో కొట్టినంతసేపు బంతులు వరసగా పాకెట్‌లో పడతాయి. తర్వాతి బంతికి పొజిషన్ కావాలని తెల్ల బంతికి కాస్త కుడి సైడో ఎడమ సైడో పెట్టగానే, అంటే నడిమికి పక్కన కొట్టి దాన్ని బొంగరంలా తిప్పగానే, అదే షాట్ పాకెట్ అంచుకు కొట్టుకుని బయటే నిలబడుతుంది. హనుమకొండ, కాజీపేట పార్లర్లలో కొంతకాలంగా ఆడుతున్నవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. 'ఇంకొంచెం పక్కకు చూసి కొట్టు' అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతారు. ఎంత కొంచెం? ఒక క్యూతో అలవాటైన కొంచెం ఇంకో క్యూతో పనికిరాదు. అది ఎంతో తేల్చేది మీ కన్ను కాదు, చేతిలో ఉన్న కర్ర. దాన్ని కొలవొచ్చు. కొలిచాక, సైడ్ వల్ల వచ్చే తప్పును క్యూ తిప్పడంతోనే సరిచేయొచ్చు. పివట్ పద్ధతి, బ్యాక్‌హ్యాండ్ సైడ్ అనే పేర్లతో ఆడేది ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. తెల్ల బంతిని హెడ్ స్పాట్ (బ్రేక్ కొట్టే వైపు నుంచి పావు దూరంలో, వెడల్పుకు మధ్యలో ఉండే చుక్క) మీద పెట్టి ఎదుటి కుషన్‌కు (టేబుల్ అంచు రబ్బరుకు) నేరుగా, మధ్యస్థమైన వేగంతో కొట్టండి. క్యూను అక్కడే ఉంచండి. బంతి తిరిగొచ్చి టిప్‌కు, అంటే క్యూ కొసన ఉండే తోలు ముక్కకు, తగలాలి. ఒక బంతి వెడల్పు కంటే ఎక్కువ పక్కకు వస్తుంటే మీరు తెలియకుండానే సైడ్ పెడుతున్నారు, లేదా టేబుల్ తూకంలో లేదు. బంతిని నెమ్మదిగా దొర్లించి చూస్తే రెండింటిలో ఏదో తెలుస్తుంది. ఈ పరీక్ష దాటనివాళ్లు కింది కొలతల జోలికి పోకపోవడమే మేలు, అన్నీ తప్పే వస్తాయి.

తెల్ల బంతి గీత ఎందుకు తప్పుతుంది

కారణాలు మూడు. చాలామంది మూడింటినీ ఒకటిగా కలిపేసుకుంటారు.

మొదటిది డిఫ్లెక్షన్. టిప్ బంతికి కుడి పక్కన తగిలితే, బంతి తిరుగుతూ టిప్‌ను కుడివైపు తోస్తుంది. టిప్ వెనకున్న కర్రకు బరువుంది కాబట్టి అది ఊరికే జరగదు, బంతిని ఎడమకు నెడుతుంది. అందుకే కుడి సైడ్ పెడితే బంతి ఎడమకు, ఎడమ సైడ్ పెడితే కుడికి పోతుంది. టిప్, బంతి తాకి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. అంత తక్కువ సమయంలో క్యూ మొత్తం స్పందించలేదు. టిప్ వైపు 15–20 సెంటీమీటర్ల ముక్క బరువే లెక్కలోకి వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, క్యూ కొనేటప్పుడు పైసలు మిగులుతాయి. ఇంకో మాట: గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా డిఫ్లెక్షన్ కోణం దాదాపు మారదు.

రెండోది స్వర్వ్. టేబుల్ అంచు (రైల్) మీదుగా కొట్టాలి కనుక క్యూ వెనక భాగం ఎప్పుడూ కొంత పైకి ఉంటుంది. ఆ వాలు వల్ల సైడ్ పెట్టిన బంతి మొదట పక్కకు పోయి, తర్వాత వంపు తిరిగి సైడ్ ఉన్న వైపుకే వస్తుంది. మెల్లగా కొడితే వంపు తొందరగా కనిపిస్తుంది, గట్టిగా కొడితే వంపు తిరిగేలోపే రంగు బంతికి తగిలేస్తుంది. వేగంతో మారేది ఇది.

మూడోది త్రో. రెండు బంతులు తాకినప్పుడు వాటి మధ్య రాపిడి రంగు బంతిని కాస్త పక్కకు లాగుతుంది. తెల్ల బంతి సరిగ్గా అనుకున్న చోటే తగిలినా రంగు బంతి అనుకున్న దారిలో పోకపోతే కారణం ఇదే.

మీ క్యూ పివట్ పొడవు కొలవడం

బ్రిడ్జి చెయ్యి (టేబుల్ మీద ఆనించి, క్యూ ముందు భాగాన్ని మోసేది) కదలకుండా, వెనక చేతిని ఎడమకు జరిపితే టిప్ కుడికి పోతుంది, క్యూ మొత్తం కాస్త కుడివైపు చూస్తుంది. డిఫ్లెక్షన్ బంతిని ఎడమకు నెడుతుంది. బ్రిడ్జి సరైన దూరంలో ఉంటే ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, బంతి మీరు మొదట గురి చూసిన గీత మీదే పోతుంది. టిప్ నుంచి ఆ దూరమే పివట్ పొడవు. ప్రతి క్యూకూ వేరుగా ఉంటుంది.

కావలసినవి: రోజూ ఆడే క్యూ, కొలత టేపు, పేపర్ టేప్, ఒక చారల బంతి, ఒక రంగు బంతి, చాక్, ఒక దస్తీ. మధ్యాహ్నం పూట టేబుళ్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే గంట సరిపోతుంది.

ఒకటి. టిప్ నుంచి 20, 25, 30, 35, 40, 45 సెంటీమీటర్ల దగ్గర షాఫ్ట్‌కు (క్యూ ముందు సగానికి) సన్నని పేపర్ టేప్ చుట్టండి.

రెండు. తెల్ల బంతి బదులు చారల బంతి వాడండి. చార నిలువుగా, మీకు ఎదురుగా ఉండాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. నడిమి నుంచి సుమారు 14 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధంలో సగం దాటితే టిప్ జారిపోతుంది. చార అంచు దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటుంది కాబట్టి కొలబద్దలాగా పనికొస్తుంది. ఈ బంతిని కుషన్‌కు దూరంగా పెట్టండి, క్యూ వీలైనంత పడుకోబెట్టి కొట్టేలా. దాని ముందు 90 సెంటీమీటర్ల దూరంలో రంగు బంతి పెట్టండి.

మూడు. 25 గుర్తు బ్రిడ్జి మీద ఉండేలా వంగండి. టిప్ బంతికి దాదాపు ఆనుకునేలా, నడిమికి కాస్త కింద. రంగు బంతిని నిండుగా, ముఖాముఖి కొట్టేలా గురి చూడండి. ఇప్పటికి సైడ్ లేదు.

నాలుగు. బ్రిడ్జి కదలకుండా వెనక చేతిని ఎడమకు జరపండి. టిప్ నడిమి భాగం 10 మిల్లీమీటర్లు కుడికి పోవాలి. 25 సెంటీమీటర్ల బ్రిడ్జికి, గ్రిప్ టిప్ నుంచి 115 సెంటీమీటర్ల దగ్గరుంటే, వెనక చెయ్యి మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. టిప్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి బంతి మీద చాక్ మచ్చ 10 దగ్గర కాదు, 7–8 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. కొట్టాక మచ్చ ఎక్కడుందో చూసి, దస్తీతో తుడిచి మళ్లీ పెట్టండి. మచ్చ చూడకుండా చేసే కొలత కొలత కాదు.

ఐదు. కొత్త దిశలోనే క్యూను నేరుగా తోయండి. రంగు బంతి అవతలి కుషన్‌కు తగిలి ఇవతలి కుషన్ దాకా వచ్చేంత బలం చాలు. అంతకంటే తక్కువైతే స్వర్వ్ కలిసిపోతుంది.

ఆరు. రంగు బంతిని కాదు, కొట్టిన బంతిని చూడండి. నిండుగా తగిలితే అది అక్కడే బొంగరంలా తిరుగుతూ నిలబడుతుంది. రంగు బంతి త్రో వల్ల కొద్దిగా ఎడమకు పోవచ్చు, దాన్ని పట్టించుకోవద్దు. కొట్టిన బంతి తగిలాక కుడికి జరిగితే క్యూ అవసరానికి మించి తిరిగింది, అంటే బ్రిడ్జి పొట్టిగా ఉంది. 30 గుర్తుకు వెళ్లండి. ఎడమకు జరిగితే బ్రిడ్జి పొడవైంది, 20కి రండి.

ప్రతి గుర్తు దగ్గర కనీసం ఐదు షాట్లు, తర్వాత అవే ఎడమ సైడ్‌తో. రెండు వైపులా ఒకే గుర్తు దగ్గర బంతి నిలబడాలి. కుడికి 25, ఎడమకు 35 వస్తే క్యూకు రెండు పివట్లు ఉన్నాయని కాదు, మీరు సెంటర్ అనుకుంటున్నది సెంటర్ కాదని. మొదటి పరీక్షకు తిరిగి వెళ్లండి.

మామూలు మేపుల్ షాఫ్ట్‌లకు ఇది తరచూ 25–35 మధ్య తేలుతుంది. చివర తేలికగా చేసిన షాఫ్ట్‌లకు అంతకంటే పొడవు. ఈ తేడా ఎంత పెద్దదో లెక్క చూడండి. టిప్ 10 మిల్లీమీటర్లు జరిగినప్పుడు, 25 సెంటీమీటర్ల పివట్ క్యూ బంతిని 90 సెంటీమీటర్ల దూరంలో 3.6 సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. 40 పివట్ ఉన్నదైతే 2.25. తేడా సెంటీమీటరు మీద కొంచెం. కానీ రంగు బంతి నేరుగా పోవాల్సిన షాట్‌లో ఆ కొంచెమే దాన్ని 13–14 డిగ్రీలు పక్కకు పంపుతుంది. స్టాండులోంచి ఏ క్యూ దొరికితే అది తీసి ఆడేవాళ్లకు సైడ్ ఎందుకు కుదరదో ఇంతకంటే వివరం అక్కర్లేదు.

షాట్‌లో వాడడం

సైడ్ లేనట్టే గురి చూసి వంగండి. రెండు మూడు సార్లు క్యూ ఆడించి గీత కుదిరిందని తేల్చుకోండి. ఆగండి. వెనక చేతిని జరిపి పివట్ చేయండి. మళ్లీ ఒకటి రెండు సార్లు కొత్త దిశలో ఆడించి కొట్టండి.

ఇక్కడ కన్ను మోసం చేస్తుంది. పివట్ అయ్యాక క్యూ పాకెట్ వైపు కాకుండా ఎటో చూస్తున్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మలేక చెయ్యి చివరి క్షణంలో క్యూను పాత గీత మీదకు లాగుతుంది. పద్ధతి 'పనిచేయలేదు' అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. కొట్టాక క్యూను అలాగే ఆపి చూడండి. టిప్ పివట్ చేసిన దిశలోనే ముందుకు పోయి ఉండాలి. అడ్డంగా వచ్చి ఉంటే మీరు గీసుకుంటూ కొట్టారన్నమాట. అలా పడిన షాట్ రెండోసారి పడదు.

బాగా అలవాటయ్యాక వంగి పివట్ చేయడం మానేసి, నిలబడే ముందే కొత్త దిశలో అడుగు వేసి నేరుగా వంగొచ్చు. భుజం, మోచెయ్యి సహజమైన వరసలో ఉంటాయి. అయితే మొదట్లోనే దీనికి పోతే ఎంత తిప్పామో లెక్క తప్పుతుంది.

బ్రిడ్జి, పివట్ కలవకపోతే

ఎక్కువమంది బ్రిడ్జి 20–30 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మీ క్యూ పివట్ 28 తేలితే అదృష్టం, బ్రిడ్జిని అక్కడ స్థిరం చేసుకోండి. 40 తేలితే గట్టి షాట్లకు బ్రిడ్జి పొడిగించొచ్చు గానీ, సున్నితమైన షాట్‌కు అంత పొడవైన బ్రిడ్జితో టిప్ వణుకుతుంది.

అప్పుడు రెండు చేతులూ కలపాలి. వెనక చేతిని కదపకుండా బ్రిడ్జి చేతిని పక్కకు జరిపితే ఫ్రంట్‌హ్యాండ్ సైడ్ అవుతుంది. అక్కడ క్యూ తిరిగేది గ్రిప్ దగ్గర, టిప్ నుంచి 115 సెంటీమీటర్ల దూరంలో. కాబట్టి కోణం చాలా తక్కువ వస్తుంది. పివట్ 40, బ్రిడ్జి 25 అయితే కావలసిన సైడ్‌లో సగం వెనక చేత్తో, సగం ముందు చేత్తో పెడితే లెక్క కుదురుతుంది. పివట్ 30, బ్రిడ్జి 25 అయితే ఐదింట నాలుగు వంతులు వెనక చెయ్యి, ఒక వంతు ముందు చెయ్యి. ఆచరణలో బ్రిడ్జి వేళ్లు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఒరిగించడమే, అరచెయ్యి ఎత్తి మళ్లీ పెట్టాల్సిన పని లేదు.

మెల్లగా, దూరం కొట్టే షాట్లకు ఇంకో సర్దుబాటు కావాలి. స్వర్వ్ బంతిని వెనక్కి తెస్తుంది కనుక డిఫ్లెక్షన్‌లో కొంత దానంతటదే సరిపోతుంది. ఆ షాట్‌కు పివట్ పొడవు పెరిగినట్టు లెక్క. అందుకే వేగం తగ్గేకొద్దీ, దూరం పెరిగేకొద్దీ ముందు చేతి వాటా పెంచాలి. బాగా మెల్లని షాట్‌కు ఏ పివట్టూ లేకుండా క్యూను సమాంతరంగా పక్కకు జరిపి కొడితేనే సరిగ్గా పోవచ్చు. తెల్ల బంతి కుషన్‌కు ఆనుకుని, క్యూ ఎత్తి కొట్టాల్సి వస్తే వంపు ఇంకా ఎక్కువ. అలాంటి చోట వేరే దారి ఉంటే సైడ్ మానేయడమే తెలివి.

దీనికి సూత్రం లేదు, టేబుల్ మీద తేల్చుకోవాలి. పైన చెప్పిన అమరికలోనే దూరాన్ని 90 నుంచి 150 సెంటీమీటర్లకు పెంచి, మూడు వేగాల్లో కొట్టి, ప్రతిసారీ ఏ పాళ్లలో బంతి గీత మీద పోయిందో ఫోన్‌లో రాసుకోండి.

త్రోను విడిగా చూసుకోవడం

పివట్ పద్ధతి తెల్ల బంతిని అనుకున్న చోటికి చేరుస్తుంది. అక్కడి నుంచి త్రో మొదలవుతుంది. సైడ్ లేకుండా, మెల్లగా, స్టన్‌తో (తెల్ల బంతి దొర్లకుండా జారుతూ తగిలేలా) కొట్టిన హాఫ్ బాల్ షాట్‌లో (కట్ కోణం, అంటే రంగు బంతి పక్కకు మళ్లే కోణం, 30 డిగ్రీలు) త్రో గట్టిగా ఉంటుంది. మురికి బంతులతో 5 డిగ్రీల దాకా పోవచ్చు. మీటరు దూరంలో 5 డిగ్రీలంటే దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు, పాకెట్ దాటిపోతుంది. బంతి ఎప్పుడూ కట్ తక్కువైనట్టుగా, లావుగా పోతుంది.

దీనికి మందు అవుట్‌సైడ్ సైడ్. రంగు బంతిని ఎడమకు కట్ చేస్తుంటే కుడి సైడ్, కుడికి కట్ చేస్తుంటే ఎడమ సైడ్. సరైన మోతాదులో పెడితే రెండు బంతులు పళ్ల చక్రాల్లా ఒకదానిమీద ఒకటి దొర్లుతాయి, రాపిడి లాగదు. మోతాదు కోణాన్ని బట్టి మారుతుంది. 15 డిగ్రీల కట్‌కు చాక్ మచ్చ నడిమి నుంచి 3 మిల్లీమీటర్లు, 30కి 6, 45కి 8 దగ్గర పడాలి. అంతకు మించి పెడితే త్రో తిరగబడి బంతి సన్నగా, అంటే కట్ ఎక్కువై పోతుంది. దీనికి ఎదురు వైపుది ఇన్‌సైడ్ సైడ్. అది పెట్టినప్పుడు త్రో రద్దు కాదు కాబట్టి, మెల్లని షాట్లలో గురి కాస్త సన్నగా చూడాలి.

సామాను: ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి

ముందు వదిలేయాల్సినవి. క్యూ మొత్తం బరువు, వెనక బిగించే బరువు బోల్టు, జాయింట్ రకం, చుట్టిన దారం, బట్ (క్యూ వెనక సగం) మీద నగిషీ: వీటిలో ఏదీ డిఫ్లెక్షన్‌ను మార్చదు. చేతికి నచ్చితే తీసుకోండి, అంతే. అమ్మేవాళ్లు ఎక్కువసేపు మాట్లాడేది వీటి గురించే.

పట్టించుకోవాల్సింది టిప్ వైపు చివరి జానెడు. ఫెరూల్ (టిప్ కింద ఉండే గొట్టం ముక్క) పొట్టిగా, తేలికగా ఉందా, షాఫ్ట్ ఆ చివర సన్నగా ఉందా, లోపల బోలుగా చేశారా చూడండి. 1990లలో ప్రిడేటర్ లాంటి కంపెనీలు మేపుల్ షాఫ్ట్ చివర లోపల తొలిచి బరువు తగ్గించాయి. ఇప్పటి కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు అదే పనిని ఇంకో పదార్థంతో చేస్తున్నాయి. కార్బన్‌కు మన ఊళ్లో ఇంకో లాభం ఉంది: వంగదు. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేసిన మేపుల్ క్యూ సాయంత్రానికి నేరుగా ఉంటుందని నమ్మకం లేదు, టిప్ జిగురు కూడా సడలుతుంది. చెక్క షాఫ్ట్‌ను విప్పి, విడిగా టేబుల్ మీద దొర్లించి చూడండి. కింద వెలుగు సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే వంకర పోయినట్టే.

డిఫ్లెక్షన్ తక్కువున్న షాఫ్ట్ కొంటే సైడ్ సమస్య పోతుందా? తగ్గుతుంది, పోదు. దానికీ పివట్ ఉంటుంది, మళ్లీ కొలవాలి. పాత క్యూకు చెయ్యి కుదిరినవాళ్లు కొత్తది కొన్న మొదటి కొన్ని వారాలు ఇంకా ఎక్కువ తప్పుతారు, ఎందుకంటే చెయ్యి ఇంకా పాత మోతాదులోనే సరిచేస్తుంటుంది. బడ్జెట్ తక్కువైతే మామూలు క్యూ ఒకటి సొంతంగా కొని, కొలిచి, దాన్నే వాడడం మేలు. స్టాండులోని ఖరీదైన క్యూ కంటే అది ఎక్కువ బంతులు పడేస్తుంది.

స్నూకర్ క్యూతో పూల్ ఆడేవాళ్లు మనదగ్గర చాలామంది. 9.5–10 మిల్లీమీటర్ల సన్నని టిప్ వల్ల చివర తేలికే, ఇత్తడి ఫెరూల్ మాత్రం కొంత బరువు కలుపుతుంది. పివట్ కొలిచాక దానితోనూ ఈ పద్ధతి ఆడొచ్చు. కాకపోతే బరువైన పూల్ బంతులు సన్నని టిప్‌ను త్వరగా అణగ్గొడతాయి, బ్రేక్ దానితో చేయొద్దు.

టిప్ ఆకారం ఖరీదు లేని విషయం, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే. 2011లో మొదలైన 22 మిల్లీమీటర్ల రూపాయి బిళ్లను టిప్ పక్కన పెట్టి వెలుగులో చూడండి. వంపు బిళ్ల అంచుతో కలిసిపోవాలి. మధ్యలో చదునుగా ఉంటే సైడ్ పెట్టినప్పుడు టిప్ అంచు తగులుతుంది, ప్రతి షాట్‌కు సైడ్ మోతాదు మారుతుంది. ఆకురాయితో మెల్లగా గుండ్రం చేయండి, పక్కలకు ఫెరూల్ దాటి ఉబ్బితే కోసేయండి. చాక్‌ను గుండ్రంగా గిరగిరా తిప్పితే మధ్యలోనే పడుతుంది. అంచులకు తగిలేలా రాయండి, సైడ్ షాట్‌కు ముందు ప్రతిసారీ.

తెల్ల బంతి సంగతి. పూల్ బంతి బరువు 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. పగిలిన తెల్ల బంతి స్థానంలో ఇంకో సెట్టుది పెట్టడం పార్లర్లలో మామూలే. తేలికైన బంతి అదే క్యూతో ఎక్కువ పక్కకు పోతుంది, అంటే పివట్ పొట్టిదవుతుంది. 52.5 మిల్లీమీటర్ల స్నూకర్ బంతితో ఆడితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. అనుమానం వస్తే డిజిటల్ త్రాసు మీద రంగు బంతితో పాటు తూచి చూడండి.

బట్ట, గాలి తేమ కూడా లెక్కలోకే వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు, ఏసీ ఆపేసి తలుపులు తెరిచిన గదిలో బట్ట తేమ పట్టి బంతి నెమ్మదిస్తుంది. స్వర్వ్ తొందరగా పట్టుకుంటుంది, చెమట చేతులు తగిలిన బంతులకు త్రో పెరుగుతుంది. అదే టేబుల్ ఏప్రిల్‌లో వేరేగా ఆడుతుంది. పోచు ఉన్న ఉన్ని బట్ట మీద స్వర్వ్ ఎక్కువ, పోచు లేని నేత బట్ట మీద తక్కువ. ఆట మొదలుపెట్టే ముందు ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లతో బంతులు తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. మెరుపు కోసం మైనం, నూనె రాయొద్దు.

తప్పు ఎక్కడో గుర్తుపట్టడం

ఒకే వైపు సైడ్‌తో మాత్రమే తప్పుతుంటే కారణం సెంటర్ సరిగ్గా చూడకపోవడం. రెండు వైపులా సైడ్ ఉన్న దిశకే బంతి పోతుంటే బ్రిడ్జి పొట్టిది, లేదా షాట్ మెల్లనిదై స్వర్వ్ పట్టింది. గట్టిగా కొట్టి చూస్తే రెండింటిలో ఏదో తేలుతుంది: గట్టిగా కొట్టినప్పుడు సరిపోతే స్వర్వే. దగ్గరి షాట్లు పడి దూరపువి తప్పుతుంటే పివట్ కొలత కొద్దిగా తేడా, దూరం ఆ తప్పును పెంచి చూపిస్తుంది. దగ్గరివి తప్పి దూరపువి పడుతుంటే త్రో మీద అనుమానపడండి.

ఒక రోజు బాగా పడి మర్నాడు ఏదీ పడకపోతే ముందు బ్రిడ్జి కొలవండి. అలసిపోయినప్పుడు, ఒత్తిడిలో ఆడుతున్నప్పుడు బ్రిడ్జి పొట్టిదవొచ్చు, మనకు తెలియదు. షాఫ్ట్ మీద పివట్ గుర్తు దగ్గర పెన్సిల్‌తో సన్నని చుక్క పెట్టుకుంటే, వంగినప్పుడు అది వేళ్ల మధ్య ఉందో లేదో చూసుకోవచ్చు.